ఆగిన పట్టాలు – 6: ధనుష్కోడి, సముద్రంలోకి పోయిన శాఖా మార్గం

దక్షిణ భారతదేశంలో మూతపడిన రైల్వే స్టేషన్లలో ఎక్కువ భాగం చడీచప్పుడు లేకుండా మూతపడినవే. బస్సులు పెరిగి టిక్కెట్లు తగ్గడం, గేజి మార్పిడి పేరుతో పాత మార్గాన్ని పక్కన పెట్టడం, కొత్త కాలపట్టికలో ఒక పేరు కనబడకుండా పోవడం వంటి కారణాలతో అవి తెరమరుగయ్యాయి. తమిళనాడులోని రామేశ్వరం ద్వీపం కొసన ఉన్న ధనుష్కోడి స్టేషన్ ఈ వరుసలోకి రాదు. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి వచ్చిన ఉప్పెన ఆ స్టేషన్‌నూ, దానికి చేరే పట్టాలనూ, చేరవస్తున్న రైలునూ ఒకేసారి కబళించడం వల్ల, ధనుష్కోడి కథ అంటే తుపాను కథేనన్న అభిప్రాయం జనంలో స్థిరపడిపోయింది. అయితే ఆ తుపానే అదే రాత్రి పాంబన్ రైలు వంతెనను కూడా విరగగొట్టింది. ఆ వంతెన మాత్రం 46 రోజుల్లో తిరిగి లేచి నిలబడింది. సముద్రం మీది వంతెనను నెలన్నరలో బాగుచేయగలిగిన రైల్వేశాఖ, ఇసుక మీద వేసిన 24 కిలోమీటర్ల మార్గాన్ని అరవై ఏళ్లయినా ఎందుకు వేయలేదన్న ప్రశ్నకు తుపాను ఒక్కటే జవాబు కాదు. ఆ జవాబు వెతకాలంటే, ఆ స్టేషన్‌ను అసలు ఎవరి కోసం, దేని కోసం కట్టారో మొదట చూడాలి.

రామేశ్వరం ద్వీపం పడమర కొసన పాంబన్, ఉత్తరాన రామేశ్వరం పట్టణం ఉండగా, ఆగ్నేయంగా సన్నని ఇసుక నాలుక ఒకటి శ్రీలంక వైపు చొచ్చుకుపోతుంది. దానికి ఒక పక్క పాక్ అఖాతం, రెండో పక్క మన్నారు సింధుశాఖ ఉన్నాయి. కొన్ని చోట్ల నిలబడి చూస్తే రెండు సముద్రాలూ ఒకేసారి కనిపించేంత ఇరుకు నేల అది. ఆ నాలుక చివర నుంచి తలైమన్నారు దాకా అక్కడక్కడ నీటి పైకి తేలే ఇసుక దిబ్బల వరుసనే రామసేతువు అంటారు. విభీషణుడి కోరికపై రాముడు వింటి కొసతో సేతువును తెగగొట్టిన చోటుగా స్థలపురాణం ఈ ప్రదేశాన్ని చెబుతుంది. పంట పండని ఈ నేలలో జాలర్ల గుడిసెలు, తాటిచెట్లు, సరుగుడు తోపులు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. చిత్రమేమిటంటే, రెండు వైపులా ఉప్పు సముద్రమే అయినా ఇసుకలో కొద్ది అడుగులు చెలమ తవ్వితే మంచినీరు ఊరుతుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని పైన పొరలా నిలవడమే దీనికి కారణం. ఆ నీరే లేకపోతే అక్కడ ఊరు వెలిసేది కాదు.

రైలు రాకముందు ఈ కొసకు క్రమం తప్పకుండా వచ్చినవారు యాత్రికులు. సేతుస్నానం చేసి, అక్కడి ఇసుకను కాశీయాత్రలో గంగలో కలిపి, గంగాజలం తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేస్తేనే కాశీ రామేశ్వర యాత్ర పూర్తయినట్టు భావించే ఆచారం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉంది. రామనాథపురాన్ని ఏలిన పాలకులు సేతుపతులన్న బిరుదు ధరించడానికి మూలం ఈ యాత్రామార్గ రక్షణ బాధ్యతే. పాంబన్ దగ్గర పడవలో పాయ దాటి, అక్కడి నుంచి కాలినడకనో, ఎడ్లబండి మీదనో, మళ్లీ పడవలోనో కొస వరకు వెళ్లే ఈ ప్రయాణం భక్తులకు కష్టమైనా, ఆ కష్టాన్ని తీర్చాలని ఏ రైల్వే కంపెనీ కూడా లక్షలు వెచ్చించి ఉండేది కాదు. రైలును ధనుష్కోడికి తెచ్చింది సింహళపు (నేటి శ్రీలంక) తోటలు.

19వ శతాబ్దపు మధ్యకాలంలో సింహళంలో కాఫీ తోటలు విస్తరించాయి. 1869లో ఆకులకు తుప్పు తెగులు సోకి కాఫీ నాశనమయ్యాక ఆ కొండల మీదకు తేయాకు వచ్చింది. ఏ పంటైనా కూలీలు మాత్రం ఎదురు తీరం నుంచే రావాలి. ఈ వలస కంగాణి పద్ధతిలో సాగేది. కంగాణి అంటే తోటలో పనిచేస్తూ, దొర ఇచ్చిన బయానా డబ్బుతో స్వగ్రామానికి వచ్చి, తన కులంలోనూ బంధువర్గంలోనూ మనుషులను పోగుచేసి, వారి దారి ఖర్చును వారి పేరనే అప్పుగా రాసి తీసుకువెళ్లే మేస్త్రీ. ఇలా వెళ్లినవారిలో అత్యధికులు తమిళ జిల్లాల నిరుపేదలే. తరతరాల క్రితం ఆ జిల్లాలకు చేరి, ఇంట్లో తెలుగు మాట్లాడే శ్రామిక కులాల వారూ వారిలో కొందరున్నారు. సముద్రం దాటాక మన్నారు తీరం నుంచి అడవుల గుండా రోజుల తరబడి నడిచిన ఆ తొలి తరాలలో దారిలోనే జ్వరాలతో, కలరాతో రాలిపోయినవారు ఎందరో. దొరలకు కావలసింది చౌకగా, త్వరగా, ప్రాణాలతో తోటకు చేరే కూలీ. ఆ అవసరమే ఇనుప దారిని వెతికింది.

1876 నాటికి మద్రాసు నుంచి తూత్తుకుడి దాకా రైలు మార్గం పూర్తి కావడంతో, అక్కడ దిగిన ప్రయాణికులు ఓడ ఎక్కి రాత్రంతా బహిరంగ సముద్రం మీద ప్రయాణించి కొలంబో చేరేవారు. ఓడను అందుకోవడానికి నడిచే బండి కాబట్టి దానికి బోట్ మెయిల్ అన్న పేరు అప్పుడే పడింది. కానీ పటం చూసిన ఎవరికైనా తోచే ఆలోచన ఒకటుంది: రెండు దేశాలు దాదాపు ముట్టుకునే చోటు రామసేతువు కాగా, అంత దూరం ఓడలో తిరిగి వెళ్లడమెందుకు? పాంబన్ పాయ మీదనే కాకుండా సేతువు పొడవునా కూడా వంతెనలో, రాతికట్టలో వేసి మద్రాసు నుంచి కొలంబోకు నేరుగా పట్టాలు కలపాలన్న ప్రతిపాదన ఆ కాలంలో గట్టిగానే నడిచింది. అది జరిగి ఉన్నా ఒకే బండి ఇటు నుంచి అటు వెళ్లగలిగేది కాదన్నది గమనించవలసిన విషయం. రెండు పట్టాల నడుమ ఉండే దూరాన్ని గేజి అంటారు. దక్షిణ భారత రైల్వే కంపెనీ మార్గం ఒక మీటరు వెడల్పున్న మీటర్ గేజి కాగా, సింహళ ప్రభుత్వ రైల్వే 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజిలో ఉండేది. చివరికి ఖర్చుకు జడిసి మధ్యేమార్గం ఎన్నుకున్నారు. పాంబన్ పాయకు వంతెన, ధనుష్కోడి దాకా రైలు, అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే సముద్రానికి ఆవిరి ఓడ, అవతల తలైమన్నారు నుంచి సింహళపు రైలు అన్నది ఆ ఏర్పాటు.

1911 ఆగస్టులో మొదలైన పాంబన్ వంతెన పని 1914 ఫిబ్రవరి 24న ప్రారంభోత్సవంతో ముగిసింది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, 140కి మించిన స్తంభాలు గల ఈ వంతెన నడిమధ్యలో ఓడలు దాటడానికి తెరుచుకునే భాగం ఒకటి ఉంది. అమెరికన్ ఇంజనీరు విలియం షెర్జర్ రూపొందించిన పద్ధతి కావడంతో దానిని షెర్జర్ స్పాన్ అంటారు. రెండు రెక్కలుగా ఉన్న ఈ ఉక్కు భాగానికి వెనుక కొసన వంపు తిరిగిన పాదం ఉంటుంది. ఆ పాదం వెనక్కి దొర్లేకొద్దీ రెక్క పైకి లేస్తుంది. వెనుక కట్టిన ఎదురు బరువు రెక్క బరువును సరితూచడం వల్ల, ఒక్కొక్కటి నాలుగు వందల టన్నులకు పైబడిన ఆ రెక్కలను ఏ యంత్రమూ లేకుండా మనుషులే పొడవాటి కమ్మీలు పట్టుకుని పళ్లచక్రాలు తిప్పి లేపేవారు. శతాబ్దం దాటినా ఆ పని చేతులతోనే సాగిందంటే, మొదట దాన్ని రూపొందించినవారి లెక్క ఎంత నికరమైనదో తెలుస్తుంది.

వంతెన దిగగానే వచ్చే పాంబన్ ఒక జంక్షన్. అక్కడ మార్గం రెండుగా చీలి, పది కిలోమీటర్ల పాయ ఒకటి రామేశ్వరానికి, 24 కిలోమీటర్ల పాయ ఇంకొకటి ధనుష్కోడికి వెళ్లేవి. ప్రధాన మార్గం నుంచి విడిపడి ఒక చివరి స్టేషన్ దగ్గర ఆగిపోయే ఇలాంటి దారిని శాఖా మార్గం అంటారు. సాధారణంగా శాఖా మార్గం మీద ఒకటో రెండో ప్యాసింజరు బళ్లు తిరుగుతాయి, మెయిలు బండి ప్రధాన మార్గంలోనే పోతుంది. ఇక్కడ వ్యవహారం తలకిందులు. మద్రాసు ఎగ్మోరు నుంచి బయలుదేరే బోట్ మెయిల్ రామేశ్వరం పట్టణాన్ని పక్కన పెట్టి ఇసుక నాలుక చివర దాకా పోయేది. గుడి ఉన్న ఊరికి చిన్న పాయ, ఊరే సరిగా లేని చోటుకు మెయిలు బండి. మద్రాసులో కొన్న ఒకే టిక్కెట్టు మీద రైలు, ఓడ, మళ్లీ రైలు ఎక్కి కొలంబో కోటలో దిగడం అప్పటి ప్రయాణికుడికి సాధ్యమైంది. నేటి ప్రయాణికుడికి అది ఊహకు కూడా అందని సౌకర్యం.

ధనుష్కోడి స్టేషన్ నిర్మాణమే దాని స్వభావాన్ని తెలుపుతుంది. పట్టాలు స్టేషన్ దగ్గర ఆగకుండా సముద్రంలోకి కట్టిన రేవు గట్టు దాకా సాగి, బండి దిగినవారు నాలుగు అడుగులు వేస్తే ఓడ మెట్లు తగిలేలా ఉండేవి. ఇర్విన్, గోషన్ అన్న పేర్లతో ఇద్దరు వలస పాలకులను గుర్తుచేసే ఓడలు ఈ రేవుకూ తలైమన్నారుకూ మధ్య చాలాకాలం తిరిగాయి. స్టేషన్ చుట్టూ సుంకం కచేరీ, రేవు కార్యాలయం, తపాలా తంతి కార్యాలయం, చిన్న రైల్వే ఆసుపత్రి, బడులు, చర్చి, ఉద్యోగుల ఇళ్లు లేచాయి. ఇటుక దొరకని ఆ దీవిలో గోడలకు ఎక్కువగా వాడింది సముద్రంలో దొరికే పగడపు రాయి. ఇంత హంగు ఉన్నా, ఇక్కడ పండి బండికెక్కే సరుకు లేదు, ఎండుచేప తప్ప. చుట్టుపక్కల పదూళ్లకు అంగడి అయిన స్టేషన్ కాదు. రెండు దేశాల మధ్య రాకపోకలు ఉన్నంతకాలమే పని ఉన్న గుమ్మం అది. ఆ రాకపోకలు తగ్గితే తన కాళ్ల మీద తాను నిలబడే ఆధారమేదీ దానికి మొదటినుంచీ లేదు.

గుమ్మం కూడా అందరికీ ఒకలా తెరుచుకోలేదు. మొదటి తరగతి ప్రయాణికుడు బండి నుంచి ఓడకు నడిచిపోతే, తోటలకు వెళ్లే కూలీ మాత్రం వంతెనకు ఇవతలే, మండపంలో సింహళ ప్రభుత్వం నడిపిన శిబిరంలో దిగాలి. అంటురోగాలు తమ దీవికి రాకుండా మనుషులను కొన్ని రోజులు విడిగా ఉంచి పరీక్షించే ఈ ఏర్పాటును క్వారంటైన్ అంటారు. అక్కడ టీకాలు వేసి, బట్టలు ఆవిరిలో శుద్ధి చేసి, కూలీలను తోటలవారీగా లెక్కగట్టి పంపేవారు. ఒక దేశపు గడ్డ మీద మరో దేశపు ప్రభుత్వం నడిపిన ఈ శిబిరం, ధనుష్కోడి స్టేషన్‌కు వెనుక గదిలాంటిది. బోట్ మెయిల్‌ను తలచుకుని మురిసిపోయే రచనలు భోజనపు పెట్టెల సొగసును వర్ణించినంతగా ఈ వెనుక గదిని పట్టించుకోలేదు. కానీ ఆ మార్గానికి మూలాధారం ఆ గదిలో కూర్చున్నవారే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ శాఖ మీది ఒక చిన్న మార్పు భారత చరిత్రలో అనుకోని విధంగా నమోదైంది. రామేశ్వరంలో బండి ఆగడం మానేయడంతో వార్తాపత్రికల కట్టలను రామేశ్వరం, ధనుష్కోడి మధ్య కదులుతున్న బండి నుంచే విసరవలసి వచ్చింది. వాటిని ఏరడానికి పత్రికల ఏజెంటుకు సాయపడి తొలి సంపాదన చూసిన పిల్లవాడు, తర్వాత రాష్ట్రపతి అయిన అబ్దుల్ కలాం. యాత్రికులను రామేశ్వరం నుంచి ధనుష్కోడికి చేరవేయడానికి ఆయన తండ్రి ఒక చెక్క పడవ కట్టించారని, అది తుపానులో కొట్టుకుపోయిందని కలాం ఆత్మకథ చెబుతుంది. మెయిలు బండి నడుస్తున్న కాలంలోనే యాత్రికులు పడవను కూడా ఆశ్రయించారంటే, రైలు కాలపట్టిక ఎవరి అవసరానికి అనుగుణంగా రాసిందో మరొకసారి తేలుతుంది.

ఇక ఆ గుమ్మం మూసుకుపోవడం తుపానుకు పాతికేళ్ల ముందే మొదలైంది. సింహళంలో భారతీయ కార్మికుల పట్ల పెరిగిన వ్యతిరేకతకు ప్రతిచర్యగా 1939 ఆగస్టులో భారత ప్రభుత్వం కూలీల వలసను నిషేధించింది. 1948లో స్వతంత్రమైన సింహళం అదే సంవత్సరం తెచ్చిన పౌరసత్వ చట్టం, తోటల్లో తరతరాలుగా పనిచేస్తున్న లక్షల మందిని ఏ దేశానికీ చెందనివారిగా మార్చేసింది. అంతకుముందు ఇంటి గడపలా దాటిన సముద్రానికి ఇప్పుడు పాస్‌పోర్టు, వీసా అవసరమయ్యాయి. 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం 5,25,000 మందిని భారతదేశం తీసుకోవాలి, 3,00,000 మందికి సింహళం పౌరసత్వం ఇవ్వాలి, మిగిలిన లక్షన్నర మంది సంగతి తర్వాత తేల్చాలి. యాభై ఏళ్లు మనుషులను అటు పంపడానికి పనికొచ్చిన మార్గం, ఇకపై వారి బిడ్డలనూ మనుమలనూ వెనక్కి తేవడానికి పనికిరావాలన్నమాట. ఒప్పందం సిరా ఆరి రెండు నెలలు కాకముందే ఆ మార్గం చివరి కొస లేకుండా పోయింది.

1964 డిసెంబరు మూడో వారంలో దక్షిణ అండమాన్ సముద్రంలో, భూమధ్యరేఖకు కేవలం ఐదు డిగ్రీల ఉత్తరాన ఒక వాయుగుండం ఏర్పడింది. అంత దిగువన భూభ్రమణం వల్ల గాలికి కలిగే మలుపు బలహీనంగా ఉండటంతో తుపానులు పుట్టడం అరుదు. 19వ తేదీకి తీవ్ర తుపానుగా మారిన ఈ వాయుగుండం, 21 తర్వాత దాదాపు సరళరేఖలో పడమరకు రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్ల చొప్పున కదిలి, 22న సింహళంలోని వవునియాను దాటి, ఆ రాత్రి ధనుష్కోడి మీద పడింది. గాలి వేగం గంటకు 280 కిలోమీటర్ల దాకా ఉంటుందని అంచనా. అయితే ప్రాణాలు తీసింది గాలి కన్నా ఉప్పెన. తుపాను కేంద్రంలో తగ్గిన పీడనం, తీరం వైపు నెట్టే గాలి కలిసి సముద్ర మట్టాన్నే ఎత్తి నేల మీదికి తోయడాన్ని ఉప్పెన అంటారని, 1977 నవంబరులో దివిసీమను చూసిన తెలుగువారికి వేరే చెప్పనక్కర లేదు. దివిలో నీటికి పారడానికి మైళ్ల పొడవునా మైదానం ఉంది. ధనుష్కోడిలో ఏడు మీటర్ల ఎత్తున లేచినట్టు చెప్పే నీటికి అడ్డుగా ఉన్నది సముద్రాల మధ్య సన్నని ఇసుక గట్టు మాత్రమే.

ఆ రాత్రి 11 గంటల 55 నిమిషాలకు పాంబన్ నుంచి బయలుదేరిన 653 నంబరు పాంబన్–ధనుష్కోడి ప్యాసింజరులో 110 మంది ప్రయాణికులు, ఐదుగురు రైల్వే ఉద్యోగులు ఉన్నట్టు లెక్క. స్టేషన్ కొన్ని వందల గజాల దూరంలో ఉండగా ఉప్పెన బండిని ముంచెత్తింది. అందులోని వారెవరూ బతకలేదు. టిక్కెట్టు లేకుండా ఎక్కినవారు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి మృతులు రెండు వందల దాకా ఉంటారన్న వాదన కూడా ఉంది. తుపాను మొత్తంలో పోయినవారి సంఖ్యను రెండు తీరాలకూ కలిపి సుమారు 1,800గా చెబుతారు. రామేశ్వర యాత్రకు వచ్చి ఉన్న నటి సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు ద్వీపంలో చిక్కుకుని క్షేమంగా బయటపడటంతో ఈ వార్త తెలుగు ఇళ్లలో కూడా ఆందోళన కలిగించింది. ప్రభుత్వం ధనుష్కోడిని నివాసయోగ్యం కాని ప్రదేశంగా ప్రకటించింది.

వంతెన సంగతి వేరుగా నడిచింది. నూటికి పైగా గర్డర్లు, అంటే స్తంభాల మధ్య పట్టాలను మోసే ఉక్కు దూలాలు, సముద్రంలో పడిపోయినా షెర్జర్ స్పాన్ చెక్కుచెదరలేదు. పునరుద్ధరణకు రైల్వే బోర్డు ఆరు నెలల గడువు పెట్టగా, దక్షిణ రైల్వే జనరల్ మేనేజరు దాన్ని మూడు నెలలకు కుదించి, ముప్పై రెండేళ్ల ఇంజనీరు ఇ. శ్రీధరన్‌కు పని అప్పగించారు. కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన ఆ యువకుడు, కొత్త దూలాలు తయారై వచ్చేదాకా ఆగకుండా, పడిపోయిన వాటినే సముద్రం అడుగు నుంచి ఎత్తించి తిరిగి నిలిపి, పని 46 రోజుల్లో ముగించాడు. తరవాతి కాలంలో కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ పేరు దేశానికి మొదట తెలిసింది ఈ పనితోనే.

మొదట లేవనెత్తిన ప్రశ్నకు జవాబు ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెడితే దొరుకుతుంది. వంతెన అవతల రామేశ్వరం ఉంది. దేశం నలుమూలల నుంచి ఏడాది పొడవునా యాత్రికులు వచ్చే ఊరు, వేల మంది నివాసం, చేపల ఎగుమతి. వంతెన లేకుండా ఆ ఊరికి రైలు లేదు, 1988లో రోడ్డు వంతెన వచ్చేదాకా బస్సు కూడా లేదు. ధనుష్కోడి పాయ అవతల ఉన్నది ఒక రేవు గట్టు, ఆ గట్టుకు పని కల్పించే ఓడ. ఓడ ఎక్కడి నుంచైనా బయలుదేరగలదు. రామేశ్వరంలో రేవు సిద్ధం చేసి ఓడను అక్కడికి మళ్లించగానే, 24 కిలోమీటర్ల పట్టాలకు అర్థం లేకుండా పోయింది. పైగా ధనుష్కోడి నేల కూడా నమ్మదగినది కాదు: మన్నారు సింధుశాఖ వైపు తీరంలో ఒక భాగం 1948–49లోనే కుంగి నీట మునిగిందని భూగర్భ శాస్త్రవేత్తల అధ్యయనం చెబుతోంది. ప్రయాణికులు తగ్గిన మార్గం, కదిలే నేల, మార్చుకోగల ఓడ అన్న మూడు కారణాలు ముందే ఉన్నాయి. తుపాను వాటిని తిరుగులేనివిగా చేసింది. తుపాను రాకున్నా ధనుష్కోడి మెయిలు స్టేషన్‌గా మరో ఇరవై ఏళ్లకు మించి నిలిచేది కాదని చెప్పడానికి తర్వాతి చరిత్రే సాక్ష్యం.

రామేశ్వరం, తలైమన్నారు మధ్య రామానుజం అన్న ఓడ నడిచింది. 1964 ఒప్పందం కింద తిరిగి వచ్చిన తోట కార్మికులు పెట్టెబేడాతో దిగింది ఆ ఓడ నుంచే. వారిని చేర్చుకున్నది మళ్లీ మండపం శిబిరమే. తాతలను క్వారంటైన్‌లో ఉంచిన ఆవరణలో మనుమలు పునరావాసం కోసం వరుస కట్టారు. 1983లో శ్రీలంకలో జాతి హింస చెలరేగి అంతర్యుద్ధంగా మారడంతో ఓడ ప్రయాణం 1980ల మధ్యనాటికి ఆగిపోయింది. అవతలి తీరంలో తలైమన్నారు మార్గం కూడా యుద్ధంలో ధ్వంసమైంది. భారతదేశపు సాయంతో దాన్ని తిరిగి వేసి 2015 మార్చిలో బండి నడిపారు. అంటే జంట స్టేషన్లలో ఒకటి ఇప్పుడు పనిచేస్తోంది. ఇటువైపు మద్రాసు నుంచి వచ్చే బోట్ మెయిల్ పేరు మాత్రం మిగిలి, ఏ బోటూ లేని రామేశ్వరంలో ఆగుతోంది.

మార్గాన్ని తిరిగి వేయాలన్న మాట మధ్యమధ్య వినిపిస్తూనే ఉంది. 2019 మార్చి 1న రామేశ్వరం–ధనుష్కోడి కొత్త రైలు మార్గానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పర్యావరణం, భూమి విషయమై రాష్ట్ర ప్రభుత్వ అభ్యంతరాలతో అది ముందుకు సాగలేదు. 1914 నాటి వంతెన మీద 2022 డిసెంబరులో బళ్లు ఆపివేసి, పక్కనే కట్టిన కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రారంభించారు. ఇందులో మధ్యభాగం రెక్కల్లా విచ్చుకోకుండా నిటారుగా పైకి లేస్తుంది. రైలు రాకున్నా ధనుష్కోడికి 2017 జూలైలో తారురోడ్డు వచ్చింది. ముకుందరాయర్ చత్రం నుంచి అరిచల్‌మునై దాకా తొమ్మిదిన్నర కిలోమీటర్ల ఈ రోడ్డుకు ముందు, ఇసుకలో జీపులు, వ్యాన్లు మాత్రమే వెళ్లగలిగేవి. యాత్రికుల బళ్లలో తెలుగు రాష్ట్రాల నంబరు ప్లేట్లున్నవి ఇప్పుడు ఏ సెలవు రోజున చూసినా కనిపిస్తాయి. దారిలో విభీషణుడికి పట్టాభిషేకం జరిగిన చోటుగా చెప్పే కోదండరామస్వామి ఆలయం తుపానును తట్టుకుని నిలిచినది.

రైలు తిరిగి రావడం ఈ నేలకు మేలు చేయదనే చెప్పాలి. యాత్రికుల అవసరాన్ని రోడ్డు తీర్చింది. కదిలే ఇసుక మీద కోట్లు పోసి వేసే పట్టాలు పర్యాటకపు వేడుకకు తప్ప మరో పనికి రావు. డబ్బు ఖర్చు పెట్టవలసింది ఉన్నదాన్ని కాపాడటానికి. స్టేషన్‌కు చెందిన గోడలు, కమాను మొండెలు కొన్ని, పైకప్పు లేని చర్చి, తపాలా కార్యాలయం ఆనవాళ్లు ఇప్పటికీ రోడ్డు పక్కన కనిపిస్తాయి. గవ్వలు, శంఖాలు అమ్మే బడ్డీలు వాటి చుట్టూ వెలిశాయి. నివాసయోగ్యం కాదన్న ప్రకటన తర్వాత కూడా కరెంటు, మంచినీటి గొట్టం లేకుండా అక్కడే బతుకుతున్న జాలరి కుటుంబాలు ఉన్నాయి. ఉప్పుగాలికి పగడపు రాయి గుల్లబారి రాలుతోంది. సందర్శకులు గోడలెక్కి ఫొటోలు దిగడం, రాతి ముక్కలు జ్ఞాపికగా తీసుకుపోవడం ఆ పనిని వేగిరపరుస్తున్నాయి. అక్కడికి వెళ్లే పాఠకులు సేతుతీర్థం నుంచి ఇసుక తెచ్చుకోవచ్చు, ఆచారం ఉంది. స్టేషన్ గోడ నుంచి రాయి మాత్రం తీయవద్దు.

వచ్చే సంచికలో: రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకేసి, ఆరు దశాబ్దాల తర్వాత 2004లో మళ్లీ బండి నడిచిన కాకినాడ–కోటిపల్లి శాఖా మార్గం.